గడిలో ఇమడని ఒత్తులు

మా మనుమడు తెలుగు మాటలాడును, చదువలేడు. ఈ సంచికను చేతబట్టిన కుటుంబములలో ఇట్టి మనుమడో మనుమరాలో లేని ఇల్లు అరుదని మా అనుమానము. మేము సూలూరు ప్రాంతపు పల్లెలో పుట్టి, యస్.యస్.ఎల్.సి. ముగించి, కోయంబత్తూరులో ఒక కచేరియందు ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి, 2017 లో విశ్రాంతి పొందితిమి. మాకు తెలుగు అక్షరములు నేర్పినది బడి కాదు, మా నాయనగారు. వసారాలో ఇసుక పోసి వ్రేలు పట్టి దిద్దించిరి. మేము మా కుమార్తెకు సగము నేర్పితిమి. ఆమె తన కుమారునికి ఆ సగమును నేర్పలేదు. పదునొకండవ తరగతిలో అతడు ఏ భాష తీసికొనవలెనని ఇంటిలో ఆలోచన జరిగినపుడు, మార్కులు ఎక్కువ వచ్చునని ఫ్రెంచి తీసికొనుమని సలహా ఇచ్చినవారము మేమే. చట్టములను నిందించుట మన సభలలో వాడుక. మేమును వేదిక మీద నిందించితిమి. ఫ్రెంచి సంగతి మాత్రము ఏ సభలోను చెప్పలేదు.

ఇంటిలో అతడు మాటలాడునది మంచి తెలుగే. కాని ఫోనులో అవ్వకు కబురు వ్రాయవలసి వచ్చినపుడు తమిళ లిపిలో వ్రాయును. తమిళమున కకారమునకును గకారమునకును ఒకటే అక్షరము. ఒకసారి స్నేహితులతో ఊటీకి పోయి, "గాలి దెబ్బకు నిద్ర లేదు" అని వ్రాసెను. మా ఇల్లాలు దానిని "కాలి దెబ్బకు నిద్ర లేదు" అని చదువుకొని, పిల్లవాని కాలికి ఏమయ్యెనో అని ఆ పూట అన్నము ముట్టలేదు.

మా నాయనగారు 1983 లో గతించినపుడు మాకు సంక్రమించిన వానిలో ఒక లెక్కల పుస్తకము కలదు. అట్టలు కట్టిన పొడవాటి పుస్తకము. బావి ఎన్ని మట్లు దిగినది, ప్రత్తి ఎన్ని మణుగులు అమ్మినది, ఏ పెండ్లికి ఎవరు ఎంత చదివించినది, ఎవరికి చేబదులు ఇచ్చినది, ఏ పిల్ల ఏ నక్షత్రమున పుట్టినది, సమస్తమును తెలుగున వ్రాసి ఉంచిరి. విశ్రాంతి పొందిన తరువాత మాకు ప్రొద్దు పోక, ఆ పుస్తకమును కంప్యూటరులోనికి ఎక్కించుట మొదలుపెట్టితిమి. టైపు చేసిన చేయి గనుక తెలుగు మీటలు రెండు నెలలలో అలవడినవి. ఏ అలంకారమును లేని వట్టి అక్షరముల ఫైలుగా ఉంచుమని మనుమడే చెప్పెను. ఏ కంపెనీ మూతపడినను, ఏ ప్రోగ్రాము మారినను, అట్టి ఫైలును ఏబది ఏండ్ల తరువాతనైనను తెరువవచ్చునట.

2024 లో ఒక ఆదివారమున అతడు ఆ ఫైలును తన కంప్యూటరులో, ఎల్లప్పుడును పనిచేయుచుండు ఒక నల్లని కిటికీలో తెరచెను. తెరచి, "తాతా, మీ నాయన ఇట్లానే రాసినారా?" అని అడిగెను. మేము కళ్ళద్దములు పెట్టుకొని చూచితిమి. కొమ్ములు అక్షరమును విడిచి దూరముగా నిలిచి ఉన్నవి. దీర్ఘములు పొరుగు అక్షరము మీద పడి ఉన్నవి. "స్త్రీ" అను ఒక్క అక్షరము "స్ త్ రీ" అని మూడు ముక్కలుగా ఉన్నది. అతనికి చదువ రాదు గనుక అది తప్పని తెలియలేదు. మా నాయనగారి వ్రాత అట్లే ఉండుననుకొనెను. మాకు ఆ మాట తగిలినంత లోతుగా ఆ తెర మీది గందరగోళము తగులలేదు.

ఆ నల్లని కిటికీ ఏమిటో చెప్పవలెను. దానిని టెర్మినల్ ఎమ్యులేటర్ అందురు. ఎమ్యులేటర్ అనగా వేషము వేయునది. పాత యంత్రము వేషము వేసికొని క్రొత్త కంప్యూటరులో ఆడుచున్న ప్రోగ్రాము అది. ఆ పాత యంత్రమును మేమెరుగుదుము. 1990 ప్రాంతమున మా కచేరికి ఆకుపచ్చ అక్షరముల తెరలు కొన్ని వచ్చినవి. వానికి తమ బుద్ధి ఏమియు లేదు. లోపలి గదిలో ఒక పెద్ద కంప్యూటరు ఉండెడిది, మేము కొట్టినది దానికి పోవును, అది చెప్పినది తెర మీదికి వచ్చును. అంతకు ముందటి తరములో తెర కూడ లేదు. టెలిటైపు అను యంత్రము కాగితము మీదనే కొట్టెడిది. 1978 లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను అమెరికా కంపెనీ వి.టి. 100 అను టెర్మినలును అమ్మకమునకు తెచ్చెను. అందులో అడ్డముగా 80 గడులు, నిలువుగా 24 వరుసలు. ఆ 80 కూడ దానికి ముందటి ఐ.బి.యం. చిల్లుల కార్డుల నుండి వచ్చిన లెక్క. ఆ యంత్రము నేడు వస్తుప్రదర్శనశాలలలో ఉన్నది. దాని నడవడికను మాత్రము నేటి ఎమ్యులేటర్లు తు.చ. తప్పక పాటించుచున్నవి. 1984 లో పుట్టిన ఎక్స్‌టెర్మ్, 1999 లో సైమన్ టాథమ్ విడుదల చేసిన పుట్టీ, ఇటీవలి విండోస్ టెర్మినల్, అన్నియు ఆ కుటుంబపు బిడ్డలే. ప్రపంచమున కంప్యూటర్లను నడుపు పనివారు బొమ్మల మీద నొక్కుటకు బదులు ఈ కిటికీలోనే ఆజ్ఞలు వ్రాసి పనులు జరిపించుదురు.

మా మనుమడు పగలు సరవణంపట్టిలో ఒక కంపెనీలో జీతమునకు పనిచేయును. రాత్రులు జీతము లేని పని చేయును. అట్టి ఎమ్యులేటరు ఒకదానిని పలుదేశములవారు కలసి తీర్చిదిద్దుచున్నారు, అందులో ఇతడొకడు. తన పేరును ఆ ప్రోగ్రాము పేరును ఇందు వ్రాయవలదని అతని కోరిక. విండోసు, మ్యాకు, లినక్సు మూడింటియందును అది నడచును. దాని మూలపాఠము ఎవరైనను చదువవచ్చును, లోపము కనబడిన దిద్ది పంపవచ్చును. దీనినే ఓపెన్ సోర్స్ అందురు. "ఎవరికి లాభము?" అని మేము మొదట అడిగితిమి, గుమాస్తా బుద్ధి. అతడు మాకు జి.డి. నాయుడుగారిని జ్ఞాపకము చేసెను. మన కలంగల్ గ్రామమున 1893 లో పుట్టిన ఆ మహనీయుడు, చిన్నతనమున రడ్జి మోటారుసైకిలు ఒకటి చూచి ముచ్చటపడి, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దానిని కొని, నడుపుటకు ముందు మరలు విప్పి చూచిన కథ మన ఇండ్లలో ఎల్లరు ఎరిగినదే. "ఆయన విప్పి చూసినది తప్పా తాతా? ఇందులో మరలు విప్పే ఉండాయి" అనెను. మాకు బదులు తోచలేదు.

ఇక మన అక్షరముల కష్టము. ఎమ్యులేటరునకు తెర అంతయు గడులే, చదరంగపు బల్ల వలె. ఇంగ్లీషు అక్షరము ఒక గడి, చైనా అక్షరము రెండు గడులు. తెలుగు అక్షరము ఎన్ని గడులు? ఈ ప్రశ్నకు వారి పట్టికలలో జవాబు కలదు గాని అది విచిత్రమైన జవాబు. యూనికోడ్ లెక్కలో దీర్ఘము, గుడి అనునవి స్థలము ఆక్రమింపని గుర్తులు. కొమ్ము మాత్రము స్థలము ఆక్రమించు గుర్తు. కావున అనేక ప్రోగ్రాములలో "కా" కు ఒక గడి, "కు" కు రెండు గడులు.  "స్త్రీ" లో లోపల ఆరు సంకేతములు ఉన్నవి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. మూడు హల్లులకు మూడు గడులు ఇచ్చి, మధ్య గోడలు కట్టిన, ఒత్తు పోయి తన అక్షరము క్రింద ఎట్లు కూర్చుండగలదు? తాటాకునకు గడులు లేవు. విజయరంగ చొక్కనాథుని ఆస్థానమున సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును తెలుగు వచనమున వ్రాసినపుడు, ఆకు మీద రెండు పంక్తుల నడుమ ఒత్తులకు ఎంత చోటు వదలవలెనో గంటము పట్టిన చేతికి తెలియును. వి.టి. 100 చేసినవారికి తెలియవలసిన అవసరము లేకపోయెను; వారి అక్షరములకు ఒత్తులు లేవు.

ఇందులో మరియొక చిక్కు కలదు. అది మాకు మిగుల నచ్చినది, ఏలయన అది అచ్చముగా మా వృత్తి చిక్కు. లోపల నడచు ప్రోగ్రాము తాను పంపిన మాట ఎన్ని గడులు పట్టునో తన పట్టిక చూచి తాను లెక్కించుకొనును. ఎమ్యులేటరు తన పట్టిక చూచి తాను లెక్కించుకొనును. ఇరువురు గుమాస్తాలు ఒకే పద్దును రెండు పుస్తకములలో వ్రాయుచు ఒకరి పుస్తకము ఒకరు చూడరు. లెక్క కుదిరినంతవరకు సరి. కుదరని క్షణమున కర్సర్ ఒక చోట ఉండును, అక్షరము వేరొక చోట పడును. ఒకటి చెరిపిన వేరొకటి చెరగును. మా కచేరిలో ఇట్టి తేడా వచ్చిన రాత్రి ఎనిమిది వరకు ఎవరును ఇంటికి పోకుండిరి.

"తెలుగును సరిగా చూపించు టెర్మినలు ఇదివరకే లేదా?" అని అడిగితిమి. కొంత కలదనెను. ఎమ్.ఎల్.టెర్మ్ అనునది పలు భాషల కొరకే పుట్టినది, భారతీయ లిపులను ఎరుగును. కోవిద్ గోయల్ అను భారతీయుడు వ్రాసిన కిట్టీ అను ప్రోగ్రాము 2025 లో ఒక మంచి ఉపాయము తెచ్చెను. ఈ మాట ఇన్ని గడులు పట్టునని లోపలి ప్రోగ్రామే ఎమ్యులేటరునకు చెప్పవచ్చును. అనగా ఇరువురు గుమాస్తాలు తుదకు మాటలాడుకొనిరి. కాని కిట్టీ విండోసునందు నడువదు. హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థవారు కంప్యూటరును తెలుగున నడుపుటకు ఏండ్ల తరబడి శ్రమించిరి. కిటికీలు, పట్టీలు తెలుగైనవి. ఈ నల్లని కిటికీ మాత్రము చాలా చోట్ల అట్లే మిగిలినది.

పనికి ఊతము 2023 లో వచ్చెనని అతడు చెప్పును. ఆ సంవత్సరపు సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 లో, సంయుక్తాక్షరమును విడదీయరాదను క్రొత్త నియమము చేర్చిరి. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒరియా, మలయాళములతోపాటు తెలుగునకును అది వర్తించును. అంతకు పూర్వము ఆ శాస్త్రము ప్రకారము "స్త్రీ" మూడు ఖండములు. ఆ దినము నుండి ఒక్కటి. మన పంతుళ్ళకు నన్నయ నాటి నుండి తెలిసిన సంగతియే.

అతడు తలపెట్టిన మార్పు ఇది. మొదట పంక్తిని ఈ నియమము చొప్పున అక్షరములుగా విడదీయుట. పిదప ఒక్కొక్క అక్షరమును హార్ఫ్‌బజ్ అను ఉచిత పరికరమునకు అప్పగించి, ఒత్తులు గుణింతములు కూర్చిన రూపమును పొందుట. పిదప ఆ రూపపు వెడల్పును బట్టి ఒక గడియో రెండు గడులో ఇచ్చుట. చెప్పుటకు మూడు వాక్యములు. చేయుటకు పదునాలుగు నెలలు పట్టెను. ఎక్కడివారో ఒకరు, ఇందువలన ఇంగ్లీషు పంక్తులు చూపు వేగము తగ్గునని అడ్డుచెప్పిరి. తగ్గదని కొలిచి చూపవలసి వచ్చెను. లినక్సులో కుదిరినది మ్యాకులో కుదరలేదు, ఏలయన అందులోని కోహినూర్ తెలుగు ఫాంటు కొలతలు వేరు. విండోసులోని నిర్మలా కొలతలు మరియు వేరు. మూడిండ్ల కోడళ్ళను ఒక పందిట నిలుపుట వంటి పని అని మా ఇల్లాలు వ్యాఖ్యానించెను.

ప్రతి మార్పునకు పరీక్షలు జతపరచవలెనని వారి నియమము. తెలుగు పరీక్షకు మాటలు కావలెను, తెర మీద వచ్చినది ఒప్పో తప్పో చెప్పువారు కావలెను. అందుకు మేము కుదిరితిమి. శనివారము రాత్రులు భోజనమైన పిదప అతని ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండెడివారము. మా నాయనగారి పుస్తకము నుండియే మాటలను ఏరి ఇచ్చితిమి: చదివింపులు, వ్యవసాయము, శ్రాద్ధము, దస్త్రము, లక్ష్మి, జ్ఞాపకము. "జ్ఞ" ను అతడు చూచినంతనే గుర్తుపట్టెను. 2018 ఫిబ్రవరిలో ఆ అక్షరముతో కూడిన ఒక చిన్న కూర్పు వచ్చిన యాపిల్ ఫోనులలో సందేశములు చూపు ప్రోగ్రాములు కూలిపోయెడివి. ఆ నెలలోనే కంపెనీవారు దిద్దిరి. మా అల్లుడు ఆ వార్తను తెచ్చినపుడు పిల్లవాడు పదునైదేండ్లవాడు. మన అక్షరము ఒకటి ఫోనును పడగొట్టెనని వారమురోజులు గర్వపడుచు తిరిగెను. మొదట అతనికి వచ్చిన తెలుగు అక్షరము అదే. "అ" తరువాత వచ్చెను.

మాటలలో మేము మిక్కిలి యిష్టముతో ఇచ్చినది "పెద్దమ్మణ్ణి". కోయంబత్తూరు సీమలో ఆడబిడ్డను అమ్మణ్ణి అని పిలుచుట మీరెరిగినదే. మా అక్కను మా నాయనగారు అట్లే పిలిచిరి, పుస్తకమున అట్లే వ్రాసిరి. వరుసగా మూడు ఒత్తులు, మూడును క్రిందికి వ్రేలాడునవి. పరీక్షకు ఇంతకంటె మంచి మాట దొరకదని మనుమడు సంతోషించెను.

ఇచ్చట మా తప్పును చెప్పవలెను. ఒక శనివారము అతడు మూడు కంప్యూటర్లలోని తెరలను వరుసగా చూపి, సరిగా ఉన్నవా అని అడిగెను. మేము పైనుండి క్రిందివరకు చదివి, "దివ్యముగా ఉన్నది" అంటిమి. మా మాట మీద ఆ మార్పు పోయి మూలపాఠమున చేరినది. పది దినములకు ఆంధ్రదేశము నుండి ఎవరో, మేమెరుగనివారు, ఒక చిత్రము జతచేసి లోపము వ్రాసిరి. క్రింది వరుసను తిరిగి వ్రాసినపుడు దాని నల్లని నేల పై వరుస ఒత్తులను తుడిచివేయుచున్నది. ఆ చిత్రములో మా మాట "పెదమణి" అని ఉన్నది. మనుమడు ఆ శనివారము నాటి తెర చిత్రమును వెదకి తీసెను. అందులోను "పెదమణి" యే. మేము కళ్ళతో చదువలేదు, జ్ఞాపకముతో చదివితిమి. పుట్టిననాటి నుండి పిలిచిన పేరు గనుక, లేని ఒత్తులను మా మనస్సే వ్రాసికొన్నది.

అతడు ఒక్క మాటయు అనలేదు. ముప్పదియెనిమిది సంవత్సరములు మూలమును నకలును సరిచూచి చేవ్రాలు పెట్టినవారమునకు అదియే ఎక్కువ. ఆ రాత్రి మాకు మా మొదటి హెడ్డు గుమాస్తా చెప్పిన పద్ధతి తలపునకు వచ్చెను. విషయము తెలిసినవాడు నకలు చూడరాదు. వాడు తనకు తెలిసినదానినే చూచును. తెలియనివాని చేత చూపించవలెను, అంకెలనైన కుడి నుండి ఎడమకు చూపించవలెను. మరునాడు మనుమనితో చెప్పితిమి: ఇకమీదట చూచువాడవు నీవు. మేము కాగితము మీద పెద్దగా వ్రాసి యిత్తుము, పుస్తకపు పుటలను ఫోటోలు తీసి యిత్తుము, నీవు ఆకారమునకు ఆకారము సరిచూడుము.

చదువరానివాడు మా కంటె నాలుగు రెట్లు నమ్మకమైన పరీక్షకుడని తేలినది. ఒత్తు గోరంత తగ్గినను పట్టుకొనెడివాడు. "తాతా, ఈ కొక్కెము ఇక్కడ లేదు" అనెడివాడు. దాని పేరు క్రావడియని మేము చెప్పెడివారము. వరుసలన్నింటికి మొదట నేలను పూసి, పిదపనే అక్షరములను వ్రాయునట్లు మార్చి ఆ లోపమును తీర్చెను. అక్షరముల పేర్లు ఇట్లు పట్టుబడి, పేర్లతో ధ్వనులు పట్టుబడి, నాలుగు నెలలకు అతడు కూడబలుకుకొని చదువసాగెను. అతనికి నేర్పవలెనని మేము కూర్చుండలేదు.

పిదప జరిగినది వ్రాయుటకు మేము కొంత వెనుదీసితిమి. సంఘమువారు ఈ వ్యాసమును రెండుమారులు అడుగుటకు కారణము అదియే.

పరీక్షకని అతడు ఫోటోలోని పుటలను మా ఫైలుతో పోల్చుచుండెను. ఆ నల్లని కిటికీలో వరుసలను లెక్కించు ఒక చిన్న ఆజ్ఞ కలదు. ఒక పుట ఫోటోలో పందొమ్మిది వరుసలు. ఫైలులో ఆ పుటకు పదునెనిమిది. తన ప్రోగ్రాము ఒక వరుసను మ్రింగుచున్నదేమో అని భయపడి రెండు రాత్రులు దానిలోనే వెదకెను. మేము ప్రక్కనే కూర్చుండి ఊరకుంటిమి. మూడవ రాత్రి ఫోటోను పెద్దది చేసి, వ్రేలు పెట్టి, "పె... ద్ద... మ్మ... ణ్ణి" అని మొదలుపెట్టెను. వరుస అంతయు చదువుటకు అయిదు నిమిషములు పట్టెను. పెద్దమ్మణ్ణి గొలుసు రెండు సవర్లు చిన్నవాని చదువునకు టైపునకు తాకట్టు పెట్టితిని, విడిపించి దానికి ఇవ్వవలెను అని ఉన్నది.

"చిన్నవాడు ఎవరు తాతా?" అని అడిగెను.

మేమే. 1976 లో మేము కోయంబత్తూరులో గది తీసికొని టైపు నేర్చుకొన్న డబ్బు ఆ గొలుసుది. గొలుసు తిరిగి రాలేదు. నాయనగారు పోయినపుడు మాకు ఇరువదినాలుగేండ్లు, ఉద్యోగము వచ్చి నాలుగేండ్లు, ఇవ్వగలవారమే. అక్క ఎన్నడును అడుగలేదు. తరువాత అడుగకపోవుటయే సమ్మతియని అనుకొంటిమి. ఫైలులో ఆ వరుసను కొట్టకుండ దాటినది చేయి జారి కాదు. ఈ మాటను అతనితో చెప్పితిమి. అతడు కొంచెముసేపు తెర చూచుచు ఉండి, ఆ వరుసను తానే కొట్టెను. "తాకట్టు" లో ట ఒత్తు విడిచెను; తిరిగి వచ్చి దిద్దెను. ఫైలులో వరుసలు పందొమ్మిది అయినవి.

తైమాసమున రెండు సవర్ల గొలుసు చేయించుకొని, మేమిరువురము ధారాపురము మీదుగా మధురకు పోయి, అక్కడనుండి తిరుమంగలములోని అక్క ఇంటికి పోయితిమి. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. గొలుసును అరచేతిలో వేసికొని ఒకమారు బరువు చూచి, పెట్టెలో పెట్టించెను. దానిని గూర్చి ఏమియు అనలేదు. "నాయన రాత తెచ్చినావా తమ్ముడా?" అని మాత్రము అడిగెను. పుస్తకపు సిరా వెలిసినది, ఆమె చూపు చాలలేదు. మనుమడు కంప్యూటరు తెరచి, "నేను సదువుతాను పెద్దవ్వా" అని, బావి లోతు నుండి మొదలుపెట్టి చదివెను. ఎద్దుల వెల చదివినపుడు ఆమె నవ్వెను. ఒక ఎద్దు పేరు చెప్పెను, అది పుస్తకములో లేదు. ఆ వరుస వచ్చినపుడు అతడు ఆగక చదివెను. ఆమె వినుచు, తెర వంక వంగి, తన పేరు ఏదో చూపుమనెను. చూపెను. అక్షరము సన్నముగా ఉన్నదనెను. అతడు మీట నొక్కి పెద్దది చేసెను, ఇంకను పెద్దది చేసెను.

తెర అడుగు వరుసలో ఆ పేరు ఉన్నది. అంత పెద్ద అక్షరములో ఒత్తులు సగము కిటికీ అంచు క్రిందికి పోయి తెగిపడినవి. "ఇదేమి, కాళ్ళు లేవు?" అని అక్క అడిగెను.

మధుర నుండి కోయంబత్తూరునకు తిరిగి వచ్చు రాత్రి బస్సులో, దిండుగల్లు దాటువరకు అతడు ఆ లోపమును గూర్చి తన తోటివారికి వ్రాయుచుండెను. అడుగు వరుస క్రింద ఎంత చోటు విడువవలెనని మమ్ము అడిగెను. మా నాయనగారు పుటకు అడుగున రెండు వ్రేళ్ళు విడిచిరని చెప్పితిమి.